బరువులు ఎలా రాసుకుంటున్నారు? రాడ్డు కలపాలా?

మారతహళ్లి పీజీ:
మా వీధి చివర జిమ్‌లో చేరి ఐదు వారాలైంది. స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని గుంజీలు), బెంచ్ (పడుకుని రాడ్డు పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి రాడ్డు ఎత్తడం), వారానికి మూడు రోజులు. పోయిన సోమవారం బెంచ్ ఎంత కొట్టానో ఈ సోమవారానికి గుర్తుండట్లేదు, రాద్దామని ఫోన్ తీస్తే రీల్స్‌లో పడిపోతున్నాను. ఇంకో డౌటు, రాసేటప్పుడు రాడ్డు బరువు కలపాలా వద్దా?

పాత కాపు:
కలపాలి బాబూ. పెద్ద ఒలింపిక్ రాడ్డు ఒక్కటే 20 కిలోలు, అటూ ఇటూ చెరో 10 వేస్తే 40 అని రాయి. చిన్న రాడ్లు తేలికగా ఉంటాయి, ఒకసారి కాటా మీద పెట్టి చూసుకో. ఫోన్ ఎందుకు, చిన్న పాకెట్ పుస్తకం చాలు. నాది చెమటకు తడిసి అప్పడంలా అయింది, అయినా "స్క్వాట్ 50: 5, 5, 4" అని చదవగలను, అంటే 50 కిలోలతో మూడు విడతలు (సెట్లు), ఐదు సార్లు, ఐదు సార్లు, చివర్లో నాలుగే. ఆ 4 చూశాక మళ్లీసారి కూడా 50తోనే. మూడు సెట్లూ ఐదేసి వస్తేనే 2.5 పెంచు, అంటే చెరోవైపు 1.25 ప్లేటు, అది మా జిమ్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు దాచేస్తారనుకో.

బీటీఎమ్ అక్క:
నిద్ర ఎన్ని గంటలో కూడా ఒక ముక్క రాయి తమ్ముడూ. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుని వెళ్లిన రోజుల్లో నా డెడ్‌లిఫ్ట్ తక్కువే, పుస్తకం తిరగేస్తే గానీ తెలియలేదు. నడుము పట్టేస్తే మాత్రం అంకె సంగతి వదిలేసి దించెయ్.

మారతహళ్లి పీజీ:
అయ్యో, ఇన్నాళ్లూ రాడ్డు కలపలేదు! అంటే నా బెంచ్ 20 కాదు, 40 అన్నమాట.