పంచ్ బ్రదర్స్ ‘ద ఫాస్ఫరెసెంట్ బ్లూస్’: డ్రమ్స్ పెట్టాక ఇంకా బ్లూగ్రాస్ అనొచ్చా?

శ్రుతిపెట్టె

ఆల్బమ్ విననివాళ్ల కోసం రెండు ముక్కలు. పంచ్ బ్రదర్స్ అనే అమెరికా బృందం చేసిన ఆల్బమ్ ఇది. 2015 జనవరిలో నన్‌సచ్ కంపెనీ విడుదల చేసింది. క్రిస్ థీలీ మాండలిన్, గేబ్ విచర్ ఫిడిల్, నోమ్ పికెల్నీ బాంజో, క్రిస్ ఎల్డ్రిడ్జ్ గిటార్, పాల్ కోవర్ట్ డబుల్ బేస్. ప్రొడ్యూసర్ టీ బోన్ బర్నెట్.

వాయిద్యాలు ఐదూ బ్లూగ్రాస్‌కి (అమెరికా పల్లెల తీగవాయిద్యాల సంగీతం) ఆద్యుడైన బిల్ మన్రో బృందంలో ఉన్నవే. ఇక్కడేమో మొదటి పాటే పది నిమిషాలు దాటుతుంది. నడుమ పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్తలు డెబుస్సీ, స్క్రియాబిన్ పియానో రచనలున్నాయి. కొన్ని పాటల్లో జే బెల్‌రోజ్ డ్రమ్స్ కూడా వాయించాడు. మరి ఈ ఆల్బమ్‌ని అంతమంది మళ్లీ మళ్లీ వింటున్నది బ్లూగ్రాస్ వల్లా, లేక ఆ వేషం వేసుకున్న ఇంకేదో సంగీతం వల్లా? “బాగుంది”, “బాగాలేదు” అని వదిలేయకండి, ఎక్కడ ఏం వినిపించి అలా అనిపించిందో రాయండి.

అట్లాంటా_ఆవకాయ

బ్లూగ్రాస్ అంటే వాయిద్యాల పట్టీ కాదండీ, ఒక పద్ధతి. 1945 డిసెంబరులో బాంజో వాయించే ఎర్ల్ స్క్రగ్స్ వచ్చి చేరాక మన్రో బృందంలో అది కుదురుకుంది. ఒకరు చరణం పాడుతుంటే మిగతావాళ్లు తగ్గి వాయిస్తారు. చరణం అవగానే ఒకరు బ్రేక్ తీసుకుంటారు, అంటే పాట వరస మీదే ఒక చుట్టు వాయించి పక్కకు తప్పుకుంటారు. మళ్లీ చరణం. పాట మొత్తం మూడు నిమిషాలు.

ఆల్బమ్ మొదటి పాట ‘ఫెమిలియారిటీ’లో ఈ చుట్టు ఎక్కడుంది? మూడు ఖండాలుగా సాగే రచన అది, ఎవరి వంతు ఎప్పుడో చెవికి అందదు. గ్రామీవాళ్లు 2016లో ఈ ఆల్బమ్‌ని నామినేట్ చేసింది అమెరికానా (అమెరికా జానపదం, కంట్రీ కలిసిన సంగీతం) విభాగంలో. తర్వాతి ఆల్బమ్ ‘ఆల్ అషోర్’ 2019లో గ్రామీ గెలిచింది, అదీ ఫోక్ విభాగంలోనే. ఇచ్చేవాళ్లకే స్పష్టంగా ఉంటే మనకెందుకీ తిప్పలు?

మెట్లమీద_వేలు

గ్రామీ విభాగాలు పట్టుకుని సంగీతం తేల్చాలంటే కష్టం, ఆవకాయ గారూ. అసలు ప్రశ్న డ్రమ్స్. బ్లూగ్రాస్‌లో డ్రమ్స్ ఎందుకు ఉండవో ముందు చూద్దాం.

ఒకటి-రెండు-మూడు-నాలుగు లెక్కలో 1, 3 మీద బేస్ పడుతుంది. 2, 4 మీద మాండలిన్ ‘చాప్’ పడుతుంది. బేస్ చేసేది కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పని, చాప్ చేసేది స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్) పని. దరువు ఇద్దరు పంచుకున్నారు కాబట్టే మూడోవాడి అవసరం రాలేదు.

చాప్ ఎలా పుడుతుందో తెలిస్తే ఈ ఆల్బమ్‌లో ఏం మారిందో తెలుస్తుంది. మన్రో వాడిన జి కార్డ్ ఇది: లావు తీగ నుంచి వరసగా (జి, డి, ఎ, ఇ అని నాలుగు జతల తీగలు) 7, 5, 2, 3 మెట్లు. చూపుడు వేలు ఎ తీగ 2వ మెట్టు మీద, మధ్యవేలు ఇ తీగ 3వ మెట్టు మీద, ఉంగరం వేలు డి తీగ 5వ మెట్టు మీద, చిటికెన వేలు జి తీగ 7వ మెట్టు మీద. ఒక్క తీగ కూడా ఖాళీగా ఉండకూడదు. పిక్‌తో (తీగ మీటే బిళ్ల) నాలుగు జతలనీ ఒక్క విసురుతో కొట్టి, వెంటనే ఎడమచేతి ఒత్తిడి వదలాలి. వేళ్లు తీగలను తాకుతూనే ఉండాలి, నొక్కకూడదు. ‘చక్’ అని కొయ్య చప్పుడు వస్తుంది. నేర్చుకునేవాళ్లు మొదటి వారంలోనే తేలికని ఖాళీ తీగలున్న జి కార్డ్ పడతారు. అక్కడ వేలెత్తినా ఖాళీ తీగలు మోగుతూనే ఉంటాయి, చాప్ కాస్తా ‘జాంయ్’ అయిపోతుంది. రెండో తప్పు, వేళ్లు పూర్తిగా గాల్లోకి లేపేయడం. అప్పుడు నాలుగు జతలూ ఖాళీగా మోగుతాయి. పిక్ మందం 1.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, పల్చని పిక్ అయితే తీగ దగ్గర వంగిపోయి దెబ్బ ఆలస్యంగా పడుతుంది.

ఇప్పుడు విషయానికొస్తా. డ్రమ్స్ వచ్చిన చోట థీలీ చేతికి ఆ 2, 4 కాపలా తప్పింది. ఆ చెయ్యి విడిపోయాక మాండలిన్ పాట కింద స్వరాలు పరుస్తుంది, పియానోలో కుడిచెయ్యిలా. నష్టం లేదనను. కానీ ఆ డ్రమ్స్ లేకపోతే ఆ అల్లిక లేదు.

కమాను

డ్రమ్స్‌కే ఇంత పంచాయితీ అయితే, 1945లో మన్రో రికార్డుల్లో అకార్డియన్ ఉంది. వాయించింది శాలీ ఆన్ ఫారెస్టర్. బ్లూగ్రాస్ గాయకుడు జిమ్మీ మార్టిన్ స్నేర్ వాడాడు. ‘స్వచ్ఛమైన’ అనే మాట ఈ చర్చలో ఎవరూ వాడొద్దని మనవి.

నా అభ్యంతరం వేరే. ఈ ఆల్బమ్‌లో చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య ఎడం చాలా ఎక్కువ. ‘ఫెమిలియారిటీ’ మొదట్లో మాండలిన్ వినపడాలని వాల్యూమ్ పెంచుతాం, గొంతులన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చిన చోటు రాగానే చెవులు మూసుకోవాల్సి వస్తుంది. బస్సులో, కారులో వింటే ఇంజిన్ రొద కింద సగం స్వరాలు పోతాయి. పాత బ్లూగ్రాస్ రికార్డుకు ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే అందరూ ఒకే మైకు చుట్టూ నిలబడి, బ్రేక్ వచ్చినవాడు ఒక అడుగు ముందుకేసేవాడు. మిక్సింగ్ అంతా కాళ్లతోనే జరిగిపోయేది. ఇది హెడ్‌ఫోన్ ఆల్బమ్. వాల్యూమ్‌ని డెబుస్సీ ట్రాక్ మధ్యలో సరిచూసుకుని, ఆ తర్వాత మొదటి పాటకు వెనక్కి వెళ్లండి.

ఐదోతీగ

బాంజో గురించి ఎవరూ ఎత్తలేదే! ఈ చర్చకు తాళం చెవి అక్కడే ఉంది.

బాంజో స్వరం నిలవదు. డ్రమ్‌లా బిగించిన పల్చని పొర మీద తీగలు ఆనే వంతెన, తీగ మీటగానే ఠంగుమని అక్కడికక్కడే చచ్చిపోతుంది. అందుకే స్క్రగ్స్ బొటన, చూపుడు, మధ్య వేళ్లతో ఎడతెగకుండా రోల్ పెట్టాడు: ఎనిమిది స్వరాలు, మూడు వేళ్లు. ఎనిమిది మూడుతో భాగింపబడదు కదా, ముందుకు పోయే రోల్ 3+3+2గా పడుతుంది. మృదంగం నేర్చిన పిల్లాడిని అడిగితే “తకిట తకిట తక” అంటాడు, అదే. నాలుగు దెబ్బల లెక్క మీద ఈ తకిటలు వాలుగా పడటం వల్లే ఆ పరుగు. ఐదో తీగ మెడ మీద ఐదో మెట్టు దగ్గర మొదలయ్యే పొట్టి తీగ. పై జి స్వరంలో ఉండి, తంబురలా ఊరికే మోగుతూ ఉంటుంది.

ఇక పికెల్నీ. రోల్ రాక వదిలేసిన మనిషి కాదు. 2013లో, మన్రో బృందం ఫిడిలర్ కెన్నీ బేకర్ ఒక ఆల్బమ్‌లో వాయించిన మన్రో ట్యూన్లన్నీ బాంజో మీద దించి ఒక ఆల్బమే చేశాడు. పక్కపక్క స్వరాలను వేరువేరు తీగల మీద మీటే మెలొడిక్ పద్ధతిలో అతనికి ఎదురులేదు. అంటే ఈ ఆల్బమ్‌లో రోల్ తగ్గించడం ఎంచుకుని చేసిన పని. డెబుస్సీ ‘పాస్‌పియే’ వినండి, మూడో ట్రాక్. మూలంలో పియానో ఎడమచెయ్యి పొడిపొడిగా, ఆగకుండా నడుస్తుంది. పియానిస్టు ఆ పొడితనం కోసం పెడల్ జోలికి పోకుండా వేళ్లు తెంపుకోవాలి. మీటే వాయిద్యాలకు అది పుట్టుకతోనే ఉంది. ఏ లోపం వల్ల రోల్ పుట్టిందో, ఆ లోపమే ఇక్కడ సొగసైంది. ఇది బ్లూగ్రాస్ చేతులు తప్ప వేరేవాళ్లు చేయగలిగే పని కాదు.

అట్లాంటా_ఆవకాయ

అకార్డియన్ మాట ఒప్పుకున్నాను కమాను గారూ. కానీ ఆమె వాయించినా పాట వరస మారలేదు, ఊపు తగ్గలేదు. బ్లూగ్రాస్ ఊపు బేస్ కన్నా వెంట్రుకవాసి ముందు పడే చేతుల్లో ఉంటుంది. ఈ ఆల్బమ్‌లో అందరూ గీత గీసినట్టు దెబ్బ మీదే పడతారు. అందంగా ఉంది, కాదనను. గాజు సీసాలో పెట్టినట్టుంది.

ఐదోతీగ గారూ, “చేతులు బ్లూగ్రాస్‌వి” అంటే సరిపోతుందా? వంటవాడు ఒకడే అయినంత మాత్రాన పులిహోర, బిర్యానీ ఒకటైపోవు.

బేస్_బాబాయి

పులిహోర సంగతి తర్వాత, ముందు కొలిచి చూద్దాం. ‘మై ఓ మై’ పెట్టుకుని మొదటిసారి బేస్ ఒక్కటే వినండి. రెండోసారి 2, 4 మీద చేత్తో బల్ల కొడుతూ, ఆ దెబ్బ మీద ఏ వాయిద్యం పడుతోందో కాగితం మీద రాయండి. ఒకచోట మాండలిన్ ఉంటుంది. ఇంకోచోట గిటార్, మరోచోట ఫిడిల్ కమాను తీగమీద గీకిన చప్పుడు. మన్రో దగ్గర ఆ కాపలా దాదాపు ఒకరిదే. ఇక్కడ చేతులు మారుతుంటుంది, ఖాళీగా మాత్రం ఉండదు. ‘పని పంచుకోవడం’ బ్లూగ్రాస్ అయితే ఇది బ్లూగ్రాసే. ‘పాట అచ్చు’ బ్లూగ్రాస్ అయితే కాదు. జనానికి నచ్చింది మొదటిది. ఐదుగురిలో ఎవరూ ఒకరి జాగాలో ఒకరు కాలు పెట్టరు, కాబట్టే పది నిమిషాలైనా విసుగురాదు.

ఊపు విషయంలో ఆవకాయ గారే గెలిచారు. డ్రమ్మర్ ఉన్నచోట అందరూ అతని దెబ్బకు సర్దుకుంటారు, ముందుకు తోసే చెయ్యి మెత్తబడుతుంది. ‘ఐ బ్ల్యూ ఇట్ ఆఫ్’ వినండి, మంచి పాప్ పాట. అంతకుమించి నాకు అందులో ఏమీ దొరకలేదు.

కొత్త_చెవి

ఇవన్నీ చదివాక ఏ పాటతో మొదలుపెట్టాలో కూడా అర్థం కాలేదండీ. మాండలిన్ అంటే మాకు తెలిసింది యు. శ్రీనివాస్ గారే. దానికీ దీనికీ సంబంధం ఉందా?

మెట్లమీద_వేలు

వాయిద్యం పేరే సంబంధం, వాడకం పూర్తిగా ఎదురు. పాలకొల్లు శ్రీనివాస్ గారు జంట తీగలు తీసేసి, ఒంటి తీగలు ఐదు, ఎలక్ట్రిక్ పికప్ పెట్టుకున్నారు. గమకానికి తీగ లాగాలి, స్వరం నిలవాలి. జంట తీగలు లాగితే రెండూ ఒకే శ్రుతిలో సాగవు. థీలీ చేతిలోది 1924లో గిబ్సన్ కంపెనీ తన ఇంజనీరు లాయిడ్ లోర్ సంతకంతో చేసిన ఎఫ్-5 మాండలిన్. దాని ఎనిమిది తీగలు, కొయ్య డొల్ల దెబ్బకు పుట్టినవి. అక్కడ నిలవడం కన్నా తెగడం ముఖ్యం.

మొదలుపెట్టడానికి ‘జూలెప్’. తర్వాత ‘బోల్ వీవిల్’, పాత జానపదం. బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ ఈ పాటను 1929లోనే రికార్డు చేశాడు. 1892 ప్రాంతంలో మెక్సికో నుంచి టెక్సస్‌లోకి దిగి పత్తిని తినేసిన ముక్కు పురుగు మీద కట్టింది. (మన దగ్గర గులాబీ రంగు పురుగుతో వేగే పత్తి రైతుకు ఆ గొడవ విడమర్చి చెప్పక్కర్లేదు. పురుగు వేరు, కాయ లోపల చేసే పని అదే.) ఆవకాయ గారు అడుగుతున్న చుట్టు ఈ పాటలో చాలావరకు దొరుకుతుంది. ‘ఫెమిలియారిటీ’ చివరికి పెట్టుకోండి.

కమాను

ఇంకోటి కలపనా? అదే బృందం 2022లో ‘హెల్ ఆన్ చర్చ్ స్ట్రీట్’ చేసింది. బ్లూగ్రాస్ గిటారిస్టు టోనీ రైస్ 1983లో దాదాపు ఒంటి గిటార్‌తో చేసిన ఆల్బమ్‌ని ఐదుగురూ కలిసి కొత్తగా కట్టారు. ఎల్డ్రిడ్జ్ రైస్ దగ్గరే నేర్చుకున్నవాడు. రెండు ఆల్బమ్‌లూ పక్కపక్కన వింటే ఈ వాదనలో సగం తీరుతుంది.

అట్లాంటా_ఆవకాయ

అది మాత్రం బ్లూగ్రాస్ అని రాసిస్తాను. 2015ది కాదు.

కొత్త_చెవి

మెట్లమీద_వేలు గారూ, మీరు చెప్పిన 7-5-2-3 పట్టాను. చిటికెన వేలు అందుతోంది కానీ నాలుగు నిమిషాలకే పట్టేస్తోంది. జి తీగ ‘బుస్స్’ అంటోంది.

మెట్లమీద_వేలు

బుస్సంటే వేలు మెట్టుకి దూరంగా ఉన్నట్టు. ఏడో మెట్టు లోహపు కడ్డీకి ఆనుకుని, దాని వెనకే పెట్టండి. సగం బలం చాలు. బొటనవేలు మెడ వెనక నిలువుగా ఉంటే చెయ్యి బిగుసుకుంటుంది, పక్కకు వాల్చండి. అయినా పట్టేస్తే రెండు వారాలు జి తీగ వదిలేసి 5-2-3 మాత్రమే పట్టుకోండి. ఉంగరం వేలి కొసను జి తీగకు తాకించి ఉంచితే అది మోగదు. మెట్రోనోమ్ (లయకు టిక్కులు కొట్టే పరికరం) నిమిషానికి 80 దగ్గర పెట్టి, ప్రతి టిక్కునీ 2, 4గా లెక్కపెట్టుకోండి, 1, 3గా కాదు. మొదట్లో తికమకగానే ఉంటుంది.