ఇంటర్న్‌లకు ఆంట్రప్రెన్యూర్‌షిప్ క్లాసులు తీసుకోమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలమూరు టీచర్:
అందరికీ నమస్తే. పాలమూరు వైపు డెంటల్ కాలేజీలో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ చెప్తాను. ఈసారి ఇంటర్న్‌లకు ఆంట్రప్రెన్యూర్‌షిప్, ఇన్నోవేషన్ మీద పది క్లాసులు నాకు అప్పజెప్పారు. పోయినేడు బయటి నుంచి ఒకాయన వచ్చి పెద్ద పెద్ద యాప్ కంపెనీల కథలు చెప్పి వెళ్లారు, పిల్లలకు ఒక్క ముక్క గుర్తులేదు. వీళ్ల టెన్షన్ వేరు. నాలుగేళ్ల చదువు, ఒక ఏడు ఇంటర్న్‌షిప్ అయిపోగానే ఇంట్లో క్లినిక్ ఎప్పుడు పెడతావని అడుగుతారు, చెయిర్, కంప్రెసర్, పరికరాల మీద క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్, ఎక్స్‌రే అన్నీ కలిపితే లక్షల్లో అప్పు. కొందరు ఎండీఎస్ అనే పీజీ కోచింగ్‌కు పోతారు, కొందరు హైదరాబాద్ పోయి, హాస్పిటల్ బిల్లుల కోసం జబ్బులకు కోడ్లు రాసే మెడికల్ కోడింగ్‌లో చేరతారు. పళ్లు బాగుచేయడం వచ్చిన చేతులు అట్లా పోతుంటే బాధగా ఉంటుంది. క్లినిక్ నడుపుతున్నవాళ్లు చెప్పండి, మీకు ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఏం చెప్పి ఉంటే బాగుండేది?

దేవరకొండ క్లినిక్:
మేడం, లోన్లు, లెక్కలు తర్వాత చెప్పొచ్చు. ముందు ఓపీ రిజిస్టర్ వాళ్ల చేతికివ్వండి. రూట్ కెనాల్ మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్ల పేర్లు రాయించండి. నేను క్లినిక్ పెట్టిన మూడో ఏడు ఆ పని చేశాను, మొదటి సిట్టింగ్ తర్వాత మళ్లీ రానివాళ్లు దాదాపు సగం మంది తేలారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడిగాను. పత్తి ఏరడానికి పోయే ఒకామె, "నొప్పి తగ్గింది సారూ, మళ్లా వస్తే ఆ దినం కూలి పోతది గదా" అంది. నెల తర్వాత అదే పన్ను వాచి వచ్చింది. నేను పెట్టిన టెంపరరీ సిమెంట్ ఎప్పుడో ఊడిపోయింది, లోపల అన్నం మెతుకులు ఇరుక్కుని ఉన్నాయి, పై గోడ పగిలిపోయింది, ఇక పీకడం తప్ప దారి లేదు. తప్పు ఆమెది కాదు, మూడుసార్లు రమ్మన్న నాదే అని ఆ రోజు అర్థమైంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది, నిజమే, కానీ కూలి పోయేది పోతూనే ఉంది కదా.

తర్వాత పంటి వేరు లోపల శుభ్రం చేసే ఎండోమోటర్, వేరు పొడవు చూపించే అపెక్స్ లొకేటర్ కొన్నాను, చీము, వాపు లేని పళ్లను ఒక్క సిట్టింగ్‌లోనే పూర్తి చేస్తున్నాను, ఆదివారం కూడా తెరుస్తున్నాను. ఆ మిషన్ల వాయిదాలు మధ్యలో మానేయకుండా పూర్తి చేయించుకున్నవాళ్ల డబ్బుతోనే తీరాయి. నాకు తెలిసిన ఇన్నోవేషన్ ఇదే, పేషెంట్‌కు ఒక తిరుగుడు తగ్గించడం.

నల్గొండ ల్యాబ్:
నేను డాక్టర్‌ని కాదు, క్యాపులు, కట్టుడు పళ్లు చేసే టెక్నీషియన్‌ని. దేవరకొండ సార్ చెప్పిన తిరుగుళ్లలో సగం మా దగ్గర పుడతాయి. ఆల్జినేట్ అనే మెత్తటి ముద్దతో పళ్ల కొలత తీసి, అందులో వెంటనే స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోయకుండా కవర్లో చుట్టి బస్సు పార్శిల్‌లో వేస్తారు, అది మాకు చేరేసరికి ఎండి కుంచించుకుపోతుంది, దాని మీద చేసిన పళ్ల సెట్ నోట్లో పట్టదు. మళ్లీ కొలత, మళ్లీ పార్శిల్, ముసలాయన మళ్లీ బస్సెక్కాలి. మీ పిల్లలను ఒక్క వారం ల్యాబ్‌లో కూర్చోబెట్టండి మేడం. తిరిగి వచ్చిన పనుల డబ్బా చూపిస్తాను, ఒక్కో క్యాప్ ఎందుకు తిరిగొచ్చిందో వాళ్లే చెప్పాలి. మళ్లీ చేసిన ఒక పనికి మెటీరియల్, మనిషి పని, చెయిర్ మీద పోయిన టైమ్ ఎంతో లెక్క కట్టించండి, ఒక పనికి అసలు ఖర్చు ఎంతో లెక్కేయడం అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది.

మర్రిగూడ అమ్మాయి:
మాది బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు మచ్చలు పడే ఊరు, ఇప్పుడు నేనూ డెంటిస్టునే. అక్కా, ఒక క్లాసు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ టెక్నిక్ మీద తప్పకుండా పెట్టండి. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ చేసిన పద్ధతి, మన జిల్లా పేరుతో వేరే దేశాల్లో కూడా తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, మడ్డి అడుగుకు చేరాక పైన తేరిన నీళ్లు తీసుకోవడమే. సామాన్లన్నీ ఊళ్లో దొరికేవే. కానీ ఏ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారం ఎంతుందో చూసి పటిక మోతాదు మార్చాలి, రోజూ ఆ మడ్డి ఎక్కడో పారబోయాలి. పొద్దున్నే పనికి పోయే ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? మంచి ఆలోచన కూడా ఇంటి దాకా వచ్చి ఎందుకు ఆగుతుందో మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇంకో మాట. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నాయి, కానీ ఎనిమిదేళ్లలోపు పంటి మీద పడిన గోధుమ మచ్చ నీళ్లు మారితే పోదు. నా దగ్గరికి డిగ్రీ చదివే అమ్మాయిలు వస్తారు, నవ్వొస్తే చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంటారు. పైపై మచ్చకు పంటి పై పొరను సన్నగా అరగదీసే మైక్రోఅబ్రేషన్ చాలు, గుంటలు పడితే పంటి రంగు ఫిల్లింగ్ (కాంపోజిట్) వేయాలి. పెద్ద మిషన్ ఏదీ అక్కర్లేదు, కొత్తగా క్లినిక్ పెట్టినవాళ్లు మొదటి నెల నుంచే చేయొచ్చు. వాళ్లు భరించగలిగే రేటు ఎంతో మీ ఇంటర్న్‌లు ఊళ్లలో తిరిగి అడిగి రావాలి.

పేటెంట్ పని చేసేవాణ్ణి:
చిన్న జాగ్రత్త. పిల్లలెవరైనా కొత్త పరికరం చేస్తే కాన్ఫరెన్స్ పోస్టర్‌లోనో ఇన్‌స్టాలోనో పెట్టకముందే పేటెంట్‌కు ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ వేయించండి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు, పూర్తి అప్లికేషన్‌కు 12 నెలల గడువుంటుంది. చికిత్స పద్ధతికి మన దేశంలో పేటెంట్ ఇవ్వరు, పరికరానికి ఇస్తారు. అమ్మాలంటే 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ కూడా చూడాలి.

పాలమూరు టీచర్:
అందరికీ చాలా థాంక్స్. స్లైడ్లు పక్కన పెట్టేశాను. గురువారం మొదటి క్లాసు మా ఓపీ రిజిస్టర్‌తోనే, మానేసినవాళ్ల లిస్టు తీసి ఫోన్లు చేయిస్తాను. నిన్న సాయంత్రం ఒక పేజీ తిరగేస్తే చాలా పేర్లు తండాలవే, బ్యాచ్‌లో లంబాడీ మాట్లాడే పిల్లలు నలుగురున్నారు, ముందు వాళ్లకిస్తాను. ల్యాబ్ అన్నా, వచ్చే నెల మొదటి వారం ఆరుగురిని పంపితే మీకు వీలవుతుందా?