విశ్వాసఘాతకుడా, విశ్వాసఘాతుకుడా? థ్రిల్లర్ చదువుతుంటే పట్టుకున్న ఒక శ్లోకం ముక్క

రాత్రిచదువరి:
ఒక సైకలాజికల్ థ్రిల్లర్ చదువుతున్నాను, అనువాదమే. కథ చెప్పే అమ్మాయి చిన్నప్పటి ఒక చావు గురించి తనకు తెలిసింది ఇన్నేళ్లూ కడుపులో దాచుకుని, చివరికి ప్రాణస్నేహితురాలికి చెప్పేస్తుంది. ఆ స్నేహితురాలికి అసలు సంగతి ముందునుంచే తెలుసని మనకి సగం పుస్తకం దాటాక గానీ అర్థం కాదు. అక్కడొక సన్నివేశం ఉంది. అంతా చెప్పుకుని, ఏడ్చి, అలసిపోయి కారు వెనక సీట్లో ఆవిడ ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతుంది. ఆవిడ ఒక చేత్తో జుట్టు నిమురుతూనే రెండో చేత్తో ఆ పిల్ల పిడికిలి ఒక్కో వేలూ విప్పి తాళంచెవి తీసుకుంటుంది. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ పేరా చివర అనువాదకులు 'విశ్వాసఘాతుకురాలు' అన్నారు. అప్పట్నుంచీ ఒక ముక్క బుర్రలో తిరుగుతోంది: '...కృతఘ్నశ్చ యే చ విశ్వాసఘా...' తర్వాత 'తకాః'నా, 'తుకాః'నా? చివర 'యావచ్చంద్రదివాకరౌ' అని మాత్రం గట్టిగా గుర్తు. ఎవరికైనా పూర్తిగా వచ్చా? నవల ఏదో పోల్చుకున్నా ముగింపు మాత్రం చెప్పకండి దయచేసి.

కందపద్యం:
'ససేమిరా' అంటూ పిచ్చివాడైన రాజకుమారుడి కథలో ఒక్కో అక్షరానికి ఒక్కో శ్లోకం వస్తుంది. వాటిలో మూడోది ఇది, 'మి'తో మొదలయ్యేది.
మిత్రద్రోహీ కృతఘ్నశ్చ యశ్చ విశ్వాసఘాతకః
త్రయస్తే నరకం యాంతి యావచ్చంద్రదివాకరౌ
మిత్రద్రోహి, కృతఘ్నుడు, విశ్వాసఘాతకుడు, ఈ ముగ్గురూ సూర్యచంద్రులున్నంతకాలం నరకానికి పోతారని.
మీకు గుర్తున్న 'యే చ' పాఠంలో మూడో పాదం 'తే నరా నరకం యాంతి' అవుతుంది. రెండూ విన్నవే. రెంటిలోనూ తకారమే, ఉకారం లేదు. అయితే ఛందస్సు మాత్రం మనకి సాయం రాదు. అనుష్టుప్పు రెండో పాదంలో ఏడో అక్షరం లఘువు కావాలి, 'త' అయినా 'తు' అయినా లఘువే కదా. కాబట్టి ఎవరైనా 'తు' అని పాడుకున్నా చెవికి తేడా పట్టదు. అలా జారిపోయి ఉంటుందని నా అనుమానం.

వాడుకమాట:
జారిపోవడం ఏమీ కాదండీ. తెలుగులో 'ఘాతుకం' అనేది విడిగా నిలబడ్డ మాట. 'ఇంతటి ఘాతుకానికి ఒడిగట్టింది ఎవరు' అని పేపర్లో రోజూ చూస్తాం. అక్కడ 'ఘాతకానికి' అని పెట్టి చూడండి, తెలుగు చెవి ఒప్పుకోదు. మనకి 'ఘాతుకం' అంటే చేసిన దారుణమైన పని. విశ్వాసం విషయంలో చేసిన దారుణం విశ్వాసఘాతుకం, చేసినవాడు విశ్వాసఘాతుకుడు. సంస్కృతంలో ఎలా ఉన్నా తెలుగు దాన్ని తన దారిలో తెచ్చుకుంది, అనువాదకుల తప్పేమీ లేదు.

పాతప్రతి:
సంస్కృతంలోనే తప్పు కాదు, మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. చంపడం అనే అర్థమున్న హన్ ధాతువుకి రెండు దారులున్నాయి. ణ్వుల్ అనే ప్రత్యయం చేరితే ఘాతకుడు, చంపేవాడు అని ఊరికే కర్తను చెబుతుంది. 'లషపతపదస్థాభూవృషహన' అనే పాణిని సూత్రంతో ఉకఞ్ ప్రత్యయం చేరితే ఘాతుకుడు. ఆ ప్రత్యయం తచ్ఛీలార్థంలో వస్తుంది, అంటే అది వాడి స్వభావం, అలవాటు. కాముకుడు, వర్షుకం అనే మాటలు కూడా ఆ సూత్రం పెట్టిన బిడ్డలే. ఒకసారి కోరినవాణ్ణి కాముకుడు అనం కదా. అలాగే ఒకసారి చంపినవాడు ఘాతకుడు, చంపడమే తత్వమైనవాడు ఘాతుకుడు. ఆ తాళంచెవి తీసుకున్న ఆవిడకి అది మొదటిసారి కాదని నవల చెబుతోందా? చెబుతుంటే అనువాదకులు 'తు' కావాలనే పెట్టారని నేనంటాను. థ్రిల్లర్ అంతా తిరిగేది దాని చుట్టూనే: ఆ పని ఎవరు చేశారన్నది ఒక ప్రశ్న, ఎవరు అలాంటి మనిషి అన్నది ఇంకో ప్రశ్న. మంచి నవల రెండో ప్రశ్న దగ్గర మనల్ని చాలాసేపు నిలబెడుతుంది.

మూడోకాండ:
పాణిని దాకా ఎందుకు మాస్టారూ, అమరకోశంలోనే ఉంది, విశేష్యనిఘ్నవర్గం, 'శరారుర్ఘాతుకో హింస్రః'. మూడూ పర్యాయపదాలే. హింస్రం అంటే హింసించే గుణం ఉన్నది, క్రూరమృగాన్ని హింస్రమృగం అనేది అందుకే. కాబట్టి మీరు చెప్పిన తాచ్ఛీల్యం సరే, కానీ అందులోంచే మీ వాదానికి చిక్కు వస్తుంది. ఘాతుకుడు అంటే హింస్రుడు అయినప్పుడు దానికి ముందు 'విశ్వాస' అని కర్మ తగిలించడం కుదురుతుందా? విశ్వాసాన్ని చంపేవాడు అనాలంటే ఘాతకుడే సూటిగా వస్తుంది. 'విశ్వాసహింస్రుడు' అని మీరు ఎక్కడైనా చూశారా?

పాతప్రతి:
పర్యాయపదాలు ఒకదాని చోట ఇంకొకటి అలా కూర్చోవు. 'హింస్ర' పెట్టి కుదరలేదు కాబట్టి 'ఘాతుక' కుదరదనడం న్యాయం కాదు.

తేటగీతి:
మీరంతా ఆ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయారు గానీ రాత్రిచదువరి గారు చెప్పిన సన్నివేశానికి సరిపోయేది మూడో శ్లోకం కాదు, మొదటిది. ఒడిలో నిద్ర!
సద్భావప్రతిపన్నానాం వంచనే కా విదగ్ధతా
అంకమారుహ్య సుప్తం హి హత్వా కిం నామ పౌరుషం
మంచి మనసుతో దగ్గరకొచ్చినవాళ్లని మోసం చెయ్యడంలో నేర్పేముంది, ఒడిలో పడుకుని నిద్రపోతున్నవాణ్ణి చంపితే అదేం మగతనం అని. మీకు ఆ తాళంచెవి దగ్గర లోపల్నుంచి తట్టింది ఇదే, నోటికి మాత్రం మూడోది వచ్చింది. ఇక్కడ నాకెప్పుడూ బాధ కలిగించేది 'విదగ్ధత'. దగ్ధం అంటే కాలినది. బాగా కాలి పదునెక్కిన తెలివి విదగ్ధత. మోసం చేసినవాడు తన తెలివిని చూసి మురిసిపోతాడని తెలిసినవాడే ఆ మాట వేయగలడు.

కందపద్యం:
శ్లోకం రెండో సగం నేను 'సుప్తానాం హంతుః కిం నామ పౌరుషం' అని నేర్చుకున్నాను. పైన 'ప్రతిపన్నానాం' అని బహువచనం ఉంది కాబట్టి 'సుప్తానాం' అంటే జత కుదురుతుంది.

తేటగీతి:
జత కుదరకపోవడమే నాకిష్టం అన్నా. పైన అందరికీ చెప్పే నీతి, బహువచనం. కింద ఒక్కడు, ఒక ఒడి, ఒక నిద్ర. 'సుప్తం' అన్న ఏకవచనంతో కథ కళ్లముందుకొస్తుంది.

అసలు ఆ కథని మనం థ్రిల్లర్‌గా ఎందుకు చదవమో నాకు తెలీదు. రాజకుమారుడు వేటకెళ్లి పులికి భయపడి చెట్టెక్కుతాడు, పైన ఎలుగుబంటి ఉంటుంది, భయపడకు అని అభయమిస్తుంది. వీడు దాని ఒడిలో నిద్రపోతే కింద నుంచి పులి తోసెయ్యమంటుంది, ఎలుగు ఒప్పుకోదు. తర్వాత అది నిద్రపోయినప్పుడు పులి వీణ్ణీ అదే అడుగుతుంది, వీడు తోసేస్తాడు. అది కొమ్మ పట్టుకుని బతికి, పిచ్చివాడివై ససేమిరా అంటూ తిరగమని శపిస్తుంది. ఇంటికొచ్చాక ఎవరేమడిగినా ఆ నాలుగక్షరాలే. తండ్రి ఒకప్పుడు లేనిపోని అనుమానంతో చంపమన్న గురువు శారదానందనుణ్ణి మంత్రి రహస్యంగా దాచి ఉంచుతాడు. ఆయన తెర వెనక కూర్చుని, మంత్రి కూతురినన్నట్టు, ఒక్కో శ్లోకం చదువుతుంటే ఒక్కో అక్షరం రాలిపోతుంది: సేమిరా, మిరా, రా. చివరికి వాడు జరిగినదంతా చెబుతాడు. నేరం, దాచిపెట్టడం, మాట పడిపోవడం, తెర వెనక మనిషి. ఇంకేం కావాలి? పైగా ఇందులో రెండు పాత నేరాలున్నాయి. కొడుకుది ఎలుగు పట్ల, తండ్రిది గురువు పట్ల. కొడుకు నేరం బయటపెట్టడానికి తండ్రి నేరం తెర వెనక కూర్చుని ఉంది. సింహాసన ద్వాత్రింశిక కథల్లో నన్ను ఇంతగా పట్టుకున్నది ఇంకొకటి లేదు.

మూడోకాండ:
చాలా బాగా చెప్పారమ్మా. ఇంకొకటి గమనించండి. ఎలుగు చావలేదు. అంటే రాజకుమారుడు ఎవరినీ చంపలేదు, అయినా శ్లోకం వాణ్ణి ఘాతకుడనే అంటోంది. చచ్చింది విశ్వాసం ఒక్కటే. అందుకే 'విశ్వాస' కర్మగా ఉండాల్సిందే అని నేను మొండికేస్తున్నాను.

వాడుకమాట:
మొండికెయ్యడం అంటే గుర్తొచ్చింది, 'ససేమిరా అన్నాడు' అంటే మనకి ఎంతమాత్రం ఒప్పుకోలేదని అర్థం. నోరు విప్పి నిజం చెప్పేదాకా నడిచిన కథలోంచి వచ్చిన మాట, నిరాకరణకి గుర్తుగా ఎలా మిగిలింది? నా ఊహ ఏంటంటే, ఎవరేం అడిగినా వాడు అదొక్కటే అన్నాడు కదా, విన్నవాళ్లకి అది జవాబివ్వననడంలాగే వినిపించి ఉంటుంది. మాట శాపం దగ్గర ఆగిపోయింది, విమోచనం దాకా రాలేదు.

కందపద్యం:
ఊహ బాగుంది. నేరాన్ని గొంతులో పెట్టుకున్నవాడు ఏం మాట్లాడినా పైకి 'నేను చెప్పను' అనే వినిపిస్తుంది.

ఇక్కడ తిక్కనని తలుచుకోకుండా ఉండలేను. ద్రోహం చేసినవాడి గురించి శ్లోకాలున్నాయి, సరే. చూస్తూ ఊరుకున్నవాళ్ల సంగతేంటి? ఈ రకం నవలల్లో అన్నీ తెలిసి నోరు మూసుకున్న పెద్దవాళ్లు ఒకరైనా ఉంటారు, తల్లో, మేనమామో, పక్కింటాయనో. కృష్ణుడు కౌరవసభలో చెప్పిన పద్యం వాళ్ల కోసమే:
సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడున్
ధర్మం, సత్యం పాపంతో, బొంకుతో చెడిపోతుంటే ఆపగలిగీ ఊరుకున్నవాళ్లకే చేటు అని. మూలంలో 'హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః', అంటే చూస్తుండగా అవి హతమైతే అక్కడి సభాసదులే హతులని, సభాసదులని ఉంది. తిక్కన దాన్ని 'దక్షులు' చేశాడు. ఆపగల శక్తి ఉండీ ఆపనివాళ్లు! సభలో కూర్చున్నవాళ్లందరి మీదా పడాల్సిన నింద ఒక్క మాటతో భీష్మద్రోణుల మీదికి తిరిగింది. ఈ ఒక్క మార్పుకి ఆయనకి దండం పెట్టాలి.

పాతప్రతి:
ద్రోణుడి పేరు ఎత్తారు కాబట్టి, తప్పుచోట పెట్టుకున్న నమ్మకానికి ఆయన్ని మించిన ఉదాహరణ ఉందా? ధర్మరాజు మూడులోకాలు ఇస్తామన్నా అబద్ధమాడడని నమ్మి, ఎందరు చెప్పినా వినక, ఆయన్నే అడిగాడు. ఆ ఒక్క మాటతో అస్త్రం వదిలేశాడు. ధర్మరాజు రథం అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచి ఆ క్షణంలో నేల తాకింది. ఇప్పుడు చెప్పండి, ధర్మరాజు విశ్వాసఘాతకుడా, ఘాతుకుడా? ఘాతుకుడు అనడానికి మీ నోరు రాదు, నాకూ రాదు. ఘాతకుడు మాత్రం అయ్యాడు. నేను చెప్పిన తేడా ఇదే.

తేటగీతి:
మరి ఆ కొడుకు? మర్రిచెట్టు కింద పడుకుని, గుడ్లగూబ నిద్రపోయే కాకుల్ని చంపడం చూసి అశ్వత్థామకి ఆ ఆలోచన పుట్టింది. నిద్రపోయేవాళ్లని చంపడం ధర్మం కాదని కృపుడు చెప్పాడు, చెప్పి మళ్లీ వెంట వెళ్లి శిబిరం వాకిట నిలబడ్డాడు. 'సుప్తం హి హత్వా' అన్న మాట సౌప్తికపర్వం పక్కన పెట్టుకుని చదివితే గుండె బరువెక్కుతుంది. మీ లెక్కలో అశ్వత్థామ 'త'నా 'తు'నా? అంతకుముందు అతను అలాంటివాడు కాదు.

పాతప్రతి:
ఒక్క రాత్రిలో మారాడంటాను.

మూడోకాండ:
ఒక్క రాత్రిలో వచ్చేదాన్ని తచ్ఛీలం అంటారా? అప్పుడు మీ సూత్రం మీకే అడ్డం తిరుగుతుంది కదా మాస్టారూ.

వాడుకమాట:
ఈ గొడవంతా లేకుండా 'నమ్మకద్రోహి' అనేస్తే పోయేదా? అందరికీ తెలిసిన మాట.

కందపద్యం:
'నమ్మకపు ద్రోహం' అనాలి కదా, మువర్ణకం, అంటే చివరి 'ము', పోయి 'పు' రావాలి, సరసపు మాటలాగ. పైగా తెలుగు నమ్మకం, సంస్కృతం ద్రోహం.

వాడుకమాట:
చిన్నయసూరే మిశ్రసమాసాన్ని ఒప్పుకున్నాడు, మీరు ఒప్పుకోరా? జనం నోట నలిగిన మాట అది. అయినా ద్రోహం మెత్తని మాట, అందులో చావు వినపడదు. ఘాతకం, ఘాతుకం ఏదన్నా అనండి, రెంటిలోనూ దెబ్బ వినిపిస్తుంది.

రాత్రిచదువరి:
అందరికీ నమస్కారం. ఇంత వస్తుందనుకోలేదు, తేటగీతి గారు చెప్పినట్టు నాకు లోపల తగిలింది మొదటి శ్లోకమే. ఇంకొంచెం చదివాను. పాతప్రతి గారు అడిగినదానికి: అవును, ఆవిడకి అది మొదటిసారి కాకపోవచ్చని ఒక పాత ఉత్తరం దగ్గర సూచన ఉంది, కానీ ఆ ఉత్తరాన్ని నమ్మచ్చో లేదో ఇంకా తేలలేదు. ఇంకో సంగతి, ఇప్పుడు చదివిన అధ్యాయంలో అమ్మాయి అన్నని 'విశ్వాసఘాతకుడు' అన్నారు, ఉకారం లేకుండా. ఒకే పుస్తకంలో ఆవిడకి 'తు', ఇతనికి 'త'. ఇది కావాలని చేసిందా, అచ్చులో పడిన తేడానా?

పాతప్రతి:
కావాలని చేసిందే. నేను మొదట్నుంచీ అంటున్నది అదే.

మూడోకాండ:
తొందరపడకండి. అన్న గురించిన ఆ మాట ఎవరి నోట ఉంది? కథ చెప్పే అమ్మాయి అన్నదా, ఆ స్నేహితురాలు అన్నదా? స్నేహితురాలి నోట అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది, తన మీద పడాల్సిన మాటని పక్కవాడి మీదికి తోస్తోందన్నమాట. ఆ పేజీ ఇంకోసారి చూసి చెప్పండి.

తేటగీతి:
చూసేటప్పుడు ఆ వాక్యంలో 'నిద్ర' అనే మాట ఎక్కడైనా ఉందేమో కూడా చూడండి. నాకు అది ముఖ్యం.