టౌన్‌లో బాగానే ఉంటుంది, హైవే ఎక్కితే ముల్లు పైకి: 2006 మారుతి 800 హీటింగ్

చెర్వుగట్టు_800:
నాన్న కొన్న బండి. 2006 మోడల్, ఏపీ 24 నంబరు, ఏసీ ఉంది. నల్లగొండ టౌన్‌లో ఎంత తిరిగినా టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉంటుంది. నార్కట్‌పల్లి దాటి విజయవాడ హైవే మీద డెబ్బై, ఎనభైలో పోతే చౌటుప్పల్ వచ్చేసరికి ఎర్రగీత దగ్గరికి ఎక్కుతుంది. పక్కకు ఆపి పావుగంట చూస్తే దిగుతుంది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) తీసి పడేశాడు. తేడా లేదు. ఇంకో ఆయన హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌కు, దాని పై భాగమైన హెడ్‌కు మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజిన్ దించాలి, 14 వేలు అన్నాడు. దించమనాలా, ఆగాలా?

పాలమూరు_స్టెప్నీ:
ఆగు తమ్మీ. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య ఇరవై ఏళ్లు ట్యాక్సీ నడిపినోడిని. బండి ఎప్పుడు వేడెక్కుతుందో నువ్వే చెప్పినవు, సగం జవాబు అందులోనే ఉంది. నిలబడ్డప్పుడు, ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే మీద చల్లబడితే ఫ్యాన్ చూడాలి. ఫ్యాన్ మోటారు, రిలే, ఫ్యూజు, సెన్సార్. స్పీడు మీద గాలి దానంతటదే తగులుతుంది కాబట్టి అక్కడ ఫ్యాన్‌తో పని లేదు. నీది ఉల్టా. గాలికి లోటు లేదు, నీళ్లే సరిగ్గా తిరుగుతలేవు. రేడియేటర్ జామ్ కావచ్చు, వాటర్ పంపు రెక్కలు తినుకపోయి ఉండొచ్చు. కింది పైపు మెత్తబడ్డా ఇట్లనే అవుతది. ఇంజిన్ రేస్ చేసినప్పుడు పంపు గుంజే గుంజుడుకు ఆ పైపు రెండు పక్కలూ లోపలికి అంటుకపోతయి. స్లోలో చూస్తే మామూలుగానే కనిపిస్తది. ఒకరిని యాక్సిలరేటర్ తొక్కమని నువ్వు పైపు చూడు.

దేవరకొండ_జెన్:
గ్యాస్కెట్ అనుమానం ఇంట్లోనే తీర్చుకోవచ్చు. పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తే, రేస్ చేస్తే ఇంకా పెరిగితే గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. ఆయిల్ పోసే మూత లోపల మీగడ కట్టిన చాయ్ రంగు ఉందా, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగడం లేదా, కారడం కనపడకుండానే నీళ్లు తగ్గుతున్నాయా, ఇవి కూడా చూడండి. చలికాలం పొద్దున కాసేపు వచ్చే ఆవిరిని చూసి భయపడొద్దు. వేడి ఇంజిన్ మీద మాత్రం మూత ముట్టుకోవద్దు. మా ఊళ్లో ఒకతను గుడ్డ వేసి తిప్పాడు, మోచేతి దాకా కాలింది.

మిర్యాలగూడ_రైడర్:
నన్నడిగితే వాటర్ పంపు, రేడియేటర్, పైపులు, థర్మోస్టాట్ అన్నీ ఒకేసారి మార్చేయండి. టెన్షన్ ఉండదు.

పాలమూరు_స్టెప్నీ:
అన్నీ మారిస్తే బండి బాగైతది, ఏది పోయిందో మాత్రం ఎప్పటికీ తెలవదు. పైసలు ఆయనవి కదా.

చెర్వుగట్టు_800:
పొద్దున చూశాను. బుడగలు లేవు, ఆయిల్ శుభ్రంగా ఉంది. పైపు లోపలికి పోవడం లేదు. కానీ బండి బాగా వేడెక్కాక పై పైపు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, కింది పైపు గోరువెచ్చగా కూడా లేదు. ఇంజిన్ ఆపి రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూస్తే పైభాగం వేడి, కింద ఒక మూలంతా చల్లగా ఉంది. ఇన్నేళ్లూ ఇంటి బోరు నీళ్లే పోశాం. మా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, దానివల్లేనా?

దేవరకొండ_జెన్:
మూల చల్లగా ఉందంటే అక్కడి గొట్టాల్లో నీళ్లు పారడం లేదు. మీ రేడియేటర్ జామ్ అయింది. ఫ్లోరైడ్‌ను మాత్రం దీనికి బాధ్యురాలిని చేయకండి. పళ్లు, ఎముకలు దాని లెక్క. రేడియేటర్‌లో తెల్లగా పొలుసు కట్టేది నీళ్ల కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు కాగినకొద్దీ సున్నంలా అంటుకుంటాయి. ఇంట్లో హీటర్ రాడ్ మీద పేరుకునేది ఇదే. మిషన్ భగీరథ నల్లా నీళ్లు కూడా పోయకండి. తాగడానికి వేరు, దీనికి వేరు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం. ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ కొంటే మళ్లీ నీళ్లు కలపొద్దు.

మిర్యాలగూడ_రైడర్:
మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు?

దేవరకొండ_జెన్:
గడ్డకట్టకుండా ఉండడం దాని ఒక పని మాత్రమే. నీళ్లు మరిగే డిగ్రీని పెంచుతుంది, లోపల తుప్పు పట్టనివ్వదు. మే నెలలో నల్లగొండకు కావలసినవి ఈ రెండే. ఒక మాట, అది తియ్యగా ఉండే విషం. తీసిన పాత కూలెంట్‌ను వాకిట్లో పారబోయకండి, కుక్కలు నాకుతాయి.

పాలమూరు_స్టెప్నీ:
రేడియేటర్ ఇత్తడి, రాగిదైతే ట్యాంకు విప్పి రాడ్డింగ్ కొట్టిస్తరు, గొట్టాల్లో సన్న పట్టీలు దూర్చి పొలుసు తీస్తరు. అల్యూమినియంది, ప్లాస్టిక్ ట్యాంకుదైతే మార్చుడే నయం. థర్మోస్టాట్ కూడా మళ్లీ పెట్టించు. మన ఎండలకు అది అవసరం లేదని చాలామంది తీసేస్తరు. తీసేస్తే పొద్దున ఇంజిన్ వేడెక్కడానికి ఆలస్యం, అందాక పెట్రోల్ ఎక్కువ తాగుతది. కొత్తది కొన్నాక పాత గిన్నెలో నీళ్లు కాగబెట్టి అందులో వెయ్యి. 82 డిగ్రీలదైతే నీళ్లు మరగకముందే నోరు తెరుస్తది. తెరవకుంటే దుకాణంలో వాపస్ ఇచ్చెయ్యి.

అచ్చంపేట_ఘాట్:
దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించండి. ఇంజిన్ వేడి కొంత లోపలికి వస్తుంది. మే నెలలో నరకమే కానీ బండి పక్కకు తీసేదాకా ఇంజిన్‌ను కాపాడుతుంది. ఇంకోటి, ఎర్రగీత దగ్గరున్న ముల్లు ఒక్కసారిగా కింద పడితే సంతోషించకండి. నీళ్లన్నీ పోయి సెన్సార్ గాల్లో ఉండొచ్చు. మన్ననూరు దాటాక నాకు ఇదే జరిగింది. చల్లబడిందనుకుని ఇంకో మూడు కిలోమీటర్లు నడిపాను, హెడ్ వంగిపోయింది.
అదే ఘాట్‌లో శ్రీశైలం డ్యాం వైపు దిగేటప్పుడు పాత బండ్ల వాళ్లు బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతారు. సెకండ్ గేరులో దిగండి. పాత బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, వేడికి అందులో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చితే చాలు.

చెర్వుగట్టు_800:
పని అయింది. మాది అల్యూమినియందే, కొత్తది వేయించాను. థర్మోస్టాట్, రేడియేటర్ మూత, కూలెంట్, కూలీ కలిపి ఐదు వేల లోపు. పాత దాన్ని రంపంతో కోసి చూశాం. కింది వరుస గొట్టాలు ముగ్గుపిండి పూడ్చినట్టు ఉన్నాయి. 14 వేలు అన్న మెకానిక్‌కు ఫోటో పంపాను, చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.
నిన్న మధ్యాహ్నం ఏసీ వేసుకుని సూర్యాపేట పోయి వచ్చాను. ముల్లు సగం దాటలేదు. ఇంటికొచ్చాక కింద రెండు పచ్చ చుక్కలు కనిపించాయి, కింది పైపు క్లిప్పు వదులు. బిగించాను, రాత్రి బండి కింద పెట్టిన అట్టముక్క పొద్దున పొడిగానే ఉంది.

పాలమూరు_స్టెప్నీ:
మంచిది. వారం దాకా రోజూ పొద్దున డబ్బాలో కూలెంట్ మట్టం చూడు. లోపల గాలి ఉంటే బయటకొచ్చి కొద్దిగా తగ్గుతది. తగ్గితే కూలెంట్ పొయ్యి, బోరు నీళ్లు కాదు తమ్మీ.