పాత మారుతి 800: కారుతున్నది వాటర్ పంపేనా, పంపుతోపాటు టైమింగ్ బెల్టు ఎందుకు?

ప్రశ్న
మాది ఖమ్మం. ఇంట్లో 2004 నాటి మారుతి 800 ఉంది. నాన్నగారు కొన్న బండి, అమ్మే ఆలోచన లేదు. కొన్నాళ్లుగా రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి. ఊళ్లో తిరిగినప్పుడు పెద్దగా తెలియడం లేదు కానీ, విజయవాడ దాకా వెళ్లి వచ్చి ఆపితే కాసేపటికి బెల్టులున్న వైపు నేల మీద అరచేయంత తడి కనిపిస్తోంది. పొద్దున చూస్తే చుక్క కూడా పడదు. షెడ్డులో బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి, "వాటర్ పంపు పోయింది, టైమింగ్ బెల్టు కూడా వేసేయాలి" అన్నారు. పంపు కారితే బెల్టు మార్చడం దేనికి? ఇంకొకాయన రేడియేటర్‌లో రెండు చెంచాల పసుపు వేస్తే చాలన్నారు. ఎవరి మాట వినాలో చెప్పగలరు.

జవాబు 1
షెడ్డువారి మాట నిజమే కావచ్చు. కానీ ఒక్క నిమిషంలో తేలే విషయం కాదండీ ఇది. బెల్టులున్న వైపు నీళ్లు పడితే పంపును అనుమానించడం సహజమే. అయితే పైనుంచి హోస్ పైపు కారినా, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు) మూత దగ్గర ప్యాకింగ్ పోయినా నీళ్లు జారి జారి చివరికి అక్కడే పడతాయి. నేల మీది తడిని కాదు, పైన మొదలైన చోటును పట్టుకోవాలి.

ముందు ఒక సంగతి చెప్పండి. మీరు పోస్తున్నది కూలెంటా, కుళాయి నీళ్లా? కూలెంట్ అయితే ఆకుపచ్చగానో ఎర్రగానో మరక మిగులుతుంది, వేలితో తాకితే జిడ్డుగా జారుతుంది. ఉత్త నీళ్లయితే రంగు ఉండదు. తుప్పు చారలు, తెల్లటి ఉప్పు పొరలు వెతకాలి. ఏసీ ఉన్న బండి అయితే దాని నీళ్లు కూడా కింద పడతాయి, వాటికి రంగూ వాసనా జిడ్డూ ఉండవు.

పంపు బాడీలో, షాఫ్టు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా బయటికి రావడానికి కావాలనే పెట్టిన దారి అది. నేరుగా కంటికి ఆనదు, చిన్న అద్దం, టార్చిలైటు కావాలి. ఆ రంధ్రం నుంచి చారలు దిగి ఉంటే పంపు సీలు పోయినట్టే. అది కారుతోందని ఎంసీల్‌తో మూసేవాళ్లను చూశాను. అలా మూస్తే నీళ్లు బేరింగులోకి వెళ్లి దాన్నీ తినేస్తాయి.

తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫ్యాన్ బెల్టు తీసి, పంపు పుల్లీని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. ఆట, అంటే వదులు, ఉండకూడదు. తిప్పినప్పుడు గరగరమంటే బేరింగు కూడా అయిపోయింది.

చల్లగా ఉన్నప్పుడు చుక్క పడకపోవడం వింతేమీ కాదు. వేడెక్కితేనే లోపల ప్రెషర్ పెరుగుతుంది, అప్పుడే నీళ్లు సందు వెతుక్కుంటాయి. రేడియేటర్ మూత స్థానంలో బిగించి చేత్తో గాలి కొట్టే ప్రెషర్ టెస్టర్ మంచి షెడ్లలో ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉండగానే మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా కొట్టి చూస్తే లీకు ఎక్కడుందో బయటపడుతుంది. అంతకు మించి కొట్టకూడదు, మంచి పైపులు కూడా పగులుతాయి.

జవాబు 2
పసుపు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. పాత లారీ డ్రైవర్ల చిట్కా అది. రేడియేటర్ గొట్టంలో సూది బెజ్జమంత లీకుంటే పసుపు అక్కడ పేరుకుని కొంతదూరం నెట్టుకొస్తుంది. పంపు సీలు తిరుగుతూ ఉండే చోటు, అక్కడ పసుపు నిలవదు. లీకు ఆగకపోగా రేడియేటర్ సన్నగొట్టాలు పూడుకుపోతాయి. కూరలోకే వాడండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. పోస్తున్నది బోరు నీళ్లే. అద్దం పెట్టి చూస్తే ఆ రంధ్రం కింద తుప్పు రంగు చార స్పష్టంగా ఉంది. పుల్లీలో కొంచెం ఆట కూడా ఉంది. పైపులన్నీ పొడిగా ఉన్నాయి. ఇక బెల్టు సంగతి చెప్పండి. ఈలోగా బండి నడపవచ్చా?

జవాబు 1
అయితే పంపే. ఇక అనుమానం లేదు.

ఈ బండిలో పంపు పుల్లీని తిప్పేది బయటి ఫ్యాన్ బెల్టే. టైమింగ్ బెల్టు వేరు, అది ఇంజిన్ కింది క్రాంకు షాఫ్టుతో వాల్వులు తెరిచే పైనున్న క్యాము షాఫ్టును లెక్క తప్పకుండా తిప్పేది. కానీ పంపు బాడీ ఆ బెల్టు మీది టైమింగ్ కవరు వెనక కూర్చుని ఉంటుంది. కవరు, టైమింగ్ బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ విప్పితే తప్ప పంపు బయటికి రాదు. ఎలాగూ విప్పుతున్నారు, కారిన నీళ్లు బెల్టును తడిపి ఉండవచ్చు కూడా. పాత బెల్టే మళ్లీ బిగించి, అది కొన్ని నెలలకు తెగితే ఇదే కూలి రెండోసారి ఇవ్వాలి. కాబట్టి షెడ్డువారు అదనంగా అంటగడుతున్నారని అనుకోవద్దు. టెన్షనర్ బేరింగు కూడా తిప్పి చూసి, శబ్దం వస్తే మార్చమనండి. క్రాంకు, క్యాము ముందు ఆయిల్ సీళ్లు కారుతుంటే అవి వేయడానికీ ఇదే సమయం.

దగ్గరుండి చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బెల్టు తీయకముందే క్యాము పుల్లీ, క్రాంకు పుల్లీ గుర్తులు కలిపి ఫోనులో ఫొటో తీసుకోండి. బెల్టు తీశాక వాటిని కదపకూడదు. కొత్తది వేశాక స్పానరుతో క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడండి. ఒక్క పన్ను తప్పినా బండి లాగదు.

పాత ప్యాకింగ్‌ను స్క్రూడ్రైవరుతో గీకనివ్వకండి, గీత పడితే అక్కడే మళ్లీ కారుతుంది. గమ్ పూస్తే పలుచగా పూయాలి. ఎక్కువైతే లోపలికి పిండుకుని, ముక్కలుగా ఊడి రేడియేటర్‌కు చేరుతుంది. పంపు బోల్టులు చిన్నవి, 10 న్యూటన్ మీటర్ల దగ్గర చాలు, మూలకు మూల ఎదురుగా బిగించాలి. బలం చూపిస్తే మర పోతుంది.

నడపడం మాత్రం ఆపండి. ఉష్ణోగ్రత ముల్లు చూసుకుంటూ నడుపుతానని కొందరు అంటారు. నీళ్లు బాగా తగ్గిపోతే సెన్సర్‌కు నీరే తగలదు, ముల్లు పైకి పోవలసింది కిందికి దిగుతుంది. ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగిపోయిన తర్వాత గానీ తెలియదు. షెడ్డు దాకా అంటారా, పొద్దున్నే చల్లగా, నిండా నీళ్లు పోసుకుని వెళ్లండి. దారిలో వేడెక్కితే ఆపేయండి, మూత మాత్రం తీయకండి.

జవాబు 3
ఒక మాట కలుపుతాను. బోరు నీళ్లు ఇక మానేయండి. మన జిల్లాల్లో చాలా చోట్ల ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ, కొత్త సీలును కూడా గరుకు కాగితంలా అరగదీస్తుంది. పంపు విప్పినప్పుడే రేడియేటర్ కడిగించి, డిస్టిల్డ్ వాటరులో సగానికి సగం కూలెంట్ కలిపి పోయండి. నేరుగా పోసే రకమైతే నీళ్లు కలపనక్కర్లేదు, డబ్బా మీద చూసుకోండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. నేల మీద వదిలేస్తే కుక్కలు నాకుతాయి.

ప్రశ్న అడిగినవారు
పంపు, బెల్టు, టెన్షనర్ మార్పించాను. గుర్తులు కలిశాయి. నిన్న వైరా దాకా వెళ్లి వచ్చాను, కింద పొడిగానే ఉంది. కానీ ఈ రోజు పొద్దున చూస్తే రేడియేటర్‌లో మట్టం ఒక గ్లాసు తగ్గింది. మళ్లీ లీకా?

జవాబు 1
కింద తడి లేకపోతే చాలావరకు గాలే అండీ. కొత్తగా నింపినప్పుడు లోపల గాలి చిక్కుకుంటుంది, బండి నడిచాక అది బయటికి పోయి మట్టం దిగుతుంది. ఇంజిన్ చల్లగా ఉండగా మూత తీసి, హీటర్ వేడి వైపు తిప్పి, స్టార్ట్ చేసి వదలండి. బుడగలు వచ్చి తగ్గిపోతాయి, తగ్గిన మేరకు కూలెంట్ పోసి, నీళ్లు పొంగకముందే మూత పెట్టేయండి. బుడగలు ఎంతకీ ఆగకపోయినా, ఆయిల్ మూత లోపల మీగడలాంటిది కనిపించినా హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే ప్యాకింగ్) చూపించాలి. రెండు మూడు రోజులు గమనించి మట్టం ఎలా ఉందో రాయండి.