అమ్మమ్మ నానుతాడు పైన పచ్చగా, లోపల ఎర్రగా ఉంది. మోసమేనా?

అమలాపురం దగ్గర మాది. అమ్మమ్మ నానుతాడు సంక్రాంతికి బయటికి తీస్తే తెగింది. అతికించమని ఆచారి గారి దగ్గరికి పట్టుకెళ్తే, టంకం పెట్టే ముందు ఆకురాయితో రెండు గీతలు గీశారు. లోపల ఎరుపు! "రాగి కాస్త ఎక్కువే పడిందమ్మా" అని ఊరుకున్నారు కానీ మా అమ్మ మాత్రం, అప్పట్లో చేసినవాడు ముంచేశాడని ఒకటే గొడవ. అరవై ఏళ్ళ క్రితం మా ఊళ్ళో బంగారు పూత వేసేవాళ్ళున్నారా అసలు?

గోదారి_గట్టు:
పూత కాదండి. మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే పని. రాగి కలిసిన నగని కుంపట్లో కాలిస్తే పైనున్న రాగి నల్లబడుతుంది, దాన్ని చింతపండు పులుసులో మరిగిస్తే ఆ నలుపు కరిగిపోతుంది, బంగారాన్ని మాత్రం పులుపు ఏమీ చెయ్యలేదు. మళ్ళీ కాల్చడం, మళ్ళీ పులుసు. నాలుగైదు సార్లయ్యేసరికి పైపొరలో రాగి పోయి పసుపురంగు తేలుతుంది. మీ అమ్మగారు చూసిన పచ్చదనం ఆ నగలోదే, బయటి నుంచి తెచ్చి పూసింది కాదు.

పాతనాణెం:
కొలంబియాలో అక్కడి ఆదివాసులు స్పానిష్ వాళ్ళు రాకముందే ఇదే పని చేశారు. బంగారం, రాగి కలిపి (దాన్ని టుంబాగా అంటారు) మైనం అచ్చుతో బొమ్మలు పోసేవాళ్ళు. విడిగా బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు, రాగికి 1085. అదే నాలుగు పాళ్ళ బంగారానికి ఒక పాలు రాగి కలిపితే దాదాపు 910కే కరిగిపోతుంది! ఊదుగొట్టంతో నిప్పు రాజేసేవాడికి ఆ తేడా చిన్నది కాదు. పైగా గట్టిదనం కూడా. పోత అయ్యాక పైన రాగిని తీసేసేవాళ్ళు, మీ చింతపండు బదులు అక్కడి పుల్లటి ఆకుల రసం.

నిజం_కావాలి:
ఇంత సైన్స్ చెప్పి మోసాన్ని మోసం కాదనకండి. 22 క్యారెట్లని డబ్బులు తీసుకుని 18 ఇస్తే ఏమంటారు?

పాతనాణెం:
అదీ నిజమే. అందుకే కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే సువర్ణాధ్యక్షుణ్ణి పెట్టి, గీటురాయి మీద గీత చూసి బంగారం తేల్చే పద్ధతి రాశారు. రాగి కొంచెం కొంచెం పెంచుతూ పదహారు వన్నెలు లెక్కేశారు, మనం ఇప్పటికీ అనే "పదహారు వన్నెల బంగారం" వెనకున్న లెక్క అదే. ఇప్పటి టర్కీలో ఉండే పాత రాజ్యం లిడియాలో అయితే గొడవ రాగిది కాదు, వెండిది. అక్కడి నాణేల్లో బంగారం, వెండి కలిసే ఉండేవి. క్రీ.పూ. 6వ శతాబ్దంలో దాని రాజధాని సార్డిస్‌లో బంగారపు రేకుల్ని ఉప్పుతో కలిపి మట్టికుండల్లో పెట్టి గంటల కొద్దీ కాల్చేవాళ్ళు, వెండి ఉప్పుతో కలిసి కుండమట్టిలోకి ఇంకిపోయేది. ఆ కొలిమిశాల 1968లో తవ్వకాల్లో బయటపడింది. అలా వెండిని విడదీయడం వచ్చాకే లిడియా రాజు క్రోసస్ మేలిమి బంగారంతో నాణేలు వేయించాడు.

గోదారి_గట్టు:
ఒక్కమాట, క్యారెట్లు చూసే మెషీన్ మీద పెడితే అది పైపొరనే చదువుతుంది, పులుసు పెట్టిన నగకి ఎక్కువ చూపిస్తుంది. ఆకురాయి గీసిన చోటే పెట్టించండి.

(అడిగినవారు):
గీసిన చోటే పెట్టించాం, 20 క్యారెట్లకి కాస్త తక్కువొచ్చింది. చింతపండు సంగతి చెప్తే అమ్మ, "మా అమ్మ కూడా నగలు చింతపండుతోనే తోమేది, అయితే బంగారం ఆవిడే దింపేసిందా?" అంటోంది.