సమస్య: వేడి నీయకున్న వేడి పెరిగె

గురులఘువు (నిర్వాహకుడు): స్థిరోష్ణక ప్రక్రియ (బయటితో ఉష్ణం ఇచ్చిపుచ్చుకోని మార్పు) లెక్క చేస్తుంటే ఈ పాదం దొర్లింది. దీన్ని చివరి పాదం చేసి ఆటవెలది పూరించండి. రెండు వేడుల (ఒకటి ఉష్ణం, ఒకటి ఉష్ణోగ్రత) మధ్య సందులోంచి దూరండి చూద్దాం.

పాదరసం:
పిస్టనదిమి నొక్క బెదరుచు నిమిడెను
వాయువెనిమిదింట వంతొకటయి;
చేసినట్టి పనియె చేరెను లోపల
వేడి నీయకున్న వేడి పెరిగె.

ఇనుపతీగ: అదమడమూ నొక్కడమూ రెండూనా? గణం నిండని చోట పాదరసంగారి చేయి ఎప్పుడూ బరువే. లెక్క మాత్రం కుదిరింది. 300 కెల్విన్ల దగ్గర 1 మోల్ హీలియంని 8వ వంతుకి కుదిస్తే ఉష్ణోగ్రత 4 రెట్లు, 1200. ఉష్ణం సున్న, కాబట్టి పనంతా అంతర్గత శక్తే: 3/2 ఆర్ (వాయు స్థిరాంకం) ఇంటూ 900, దాదాపు 11.2 కిలోజౌళ్లు. ఈసారి లాగరిథం వాడనందుకు సంతోషం.

పాదరసం: ‘పనియె లేక గాలి పరుగులెత్తె’ సమస్యకి నా పాత పూరణ ఇంకా మరవలేదన్నమాట!

వెన్నెలబావి: ఎలా మరుస్తాం? శూన్యంలోకి వ్యాకోచించే వాయువుకి ఆర్‌టీ లాగ్ 2 (టీ అంటే ఉష్ణోగ్రత) అని పని కట్టారు. ఎదురు పీడనమే లేని చోట పనెక్కడిదండీ?

పాదరసం: మొదట్లోనూ చివర్లోనూ ఉష్ణోగ్రత ఒకటే కదా అని సమోష్ణోగ్రతా సూత్రం (ఉష్ణోగ్రత మారకుండా మెల్లగా వ్యాకోచించేటప్పటిది) వాడాను. అప్పుడే ఒప్పుకున్నాను. యతి మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు.

ఇనుపతీగ: సరే, నాది:
గోడ కదలనీక కుదురుగ మూసితి
తెడ్డు తిప్పి తిప్పి తీరుబడిగ;
ఉబ్బలేదు గాలి యొక్కింత యైనను
వేడి నీయకున్న వేడి పెరిగె.

పాదరసం: ఘనపరిమాణం మారలేదు, పీడీవీ (పీడనం ఇంటూ ఘనపరిమాణంలో మార్పు, అంటే వ్యాకోచ సంకోచాల పని) సున్న. పనీ లేక, ఉష్ణమూ లేక ఎలా పెరిగిందో!

ఇనుపతీగ: పీడీవీ ఒక్కటేనా పని? తెడ్డు ఇరుసు గుండా వచ్చిందేమిటి మరి? జౌల్ నీళ్లలో తిప్పాడు, నేను గాలిలో తిప్పాను.

గురులఘువు: భేష్! ‘ఉబ్బలేదు’ అంటూ ఆ ప్రశ్నకి మూడో పాదంలోనే ఎర వేశారు. పాదరసంగారు పట్టుకున్నారు.

వెన్నెలబావి:
సిలిండరున గాలి చిక్కగ నొక్కగ
అగ్గిపుల్ల లేక యంటుకొనియె
డీజిలింజనందు టెక్కుగ నూనెయే
వేడి నీయకున్న వేడి పెరిగె.

గురులఘువు: ‘సిలిండ’ జగణం, ఆటవెలదిలో ఇమడదు, అదీ తొలి అడుగులోనే! ‘చిన్న గదిని గాలి’ అనండి. గాలికి గామా (రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) 1.4. 300 కెల్విన్ల గాలిని 20 రెట్లు కుదిస్తే దాదాపు 994 కెల్విన్లు. అగ్గిపుల్ల అక్కర్లేదన్నది నిజమే.

పాదరసం: అది సరే, ఇనుపతీగగారి గోడ ఉష్ణబంధకమని పద్యంలో ఎక్కడుంది? తీరుబడిగా తిప్పితే వచ్చిన వేడి వచ్చినట్టే గోడలోంచి జారుకుంటుంది.

ఇనుపతీగ: సవరించాను: ‘తీవ్రముగను’. యతి చెడలేదు, చూసుకోండి.

పాదరసం: చూశాను. చివరి ‘ను’ ఎందుకో? గణం నిండలేదా?